అమ్మను పోగొట్టుకున్న ఇద్దరు పిల్లలు

మా స్నేహితురాలు చర్చికి రావడం మానేసి నాలుగేళ్లు దాటింది. పేరు రాయను. గుంటూరులో బి.ఎ. చదివే రోజుల నుంచి మాకు స్నేహం. ఛందస్సు పరీక్షకు ముందురోజు రాత్రి హాస్టల్ మెట్ల మీద కూర్చోబెట్టి నాకు గణాలు నేర్పింది తనే. 2021లో కరోనా రెండో విడతలో వాళ్లాయన పోయాడు. 12 రోజులు హాస్పిటల్లో ఉన్నాడు. ఆ 12 రోజులూ మేమంతా వంతులు వేసుకుని ఉపవాస ప్రార్థన చేశాం. తెల్లవారుజామున 3 గంటల వంతు నాది. 13వ రోజు అదే వేళకి ఫోన్ వచ్చింది.

తర్వాత జరిగిన ఆదరణ కూడికలో ఒక పెద్దాయన లేచి, మన విశ్వాసం ఇంకాస్త గట్టిగా ఉండుంటే దేవుడు ఆలకించేవాడేమో అన్నాడు. చెడ్డ మనసుతో అన్నాడని నేననుకోను. కానీ మా స్నేహితురాలు కుర్చీలోంచి లేచి లోపలి గదిలోకి వెళ్లింది. ఆ రోజు నుంచి మళ్లీ ఏ కూడికలోనూ కనపడలేదు.

ఇక నా నిర్వాకం చెప్తాను. ఏడాది పాటు ప్రతి ఉదయం తనకి వాట్సాప్‌లో ఒక వాగ్దాన వాక్యం, వారానికి రెండు ప్రసంగాల లింకులు పంపాను. ఒకరోజు ఫోన్ చేసింది. "ఏమే, నువ్వు పంపేవన్నీ నాకు తెలిసినవే. సండే స్కూల్లో కంఠత వాక్యాలు నీకంటే ఎక్కువ చెప్పింది నేనే. నాకు తెలియనిదేదైనా ఉంటే పంపించు" అంది. గొంతులో కోపం కూడా లేదు. సిగ్గేసి పంపడం మానేశాను. అంతటితో ఊరుకోక వాళ్లింటికి వెళ్లడం కూడా తగ్గించేశాను. ఇది మొదటిదానికంటే పెద్ద తప్పని తర్వాత గానీ తెలియలేదు.

పోయిన వేసవి సెలవుల్లో మా అబ్బాయి ల్యాప్‌టాప్‌లో 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' సినిమాలు వరసపెట్టి చూశాడు. "అమ్మా, ఇది రాసిన టోల్కీన్, నార్నియా కథలు రాసిన లూయిస్ మంచి ఫ్రెండ్స్, తెలుసా?" అన్నాడు. లూయిస్ పేరు ప్రసంగాల్లో చాలాసార్లు విన్నాను. పెద్ద నాస్తికుడనీ, స్నేహితుడు ఒక్క రాత్రి మాట్లాడితే మారిపోయాడనీ చెప్తుంటారు. ఒక్క రాత్రిలో ఏం చెప్పాడో తెలిస్తే నేనూ మా స్నేహితురాలికి చెప్పొచ్చు కదా అనే ఆశతో వాళ్ల జీవితాలు చదవడం మొదలుపెట్టాను. నా ఆశ తీరలేదు గానీ, చదివింది మాత్రం మనసులోంచి పోవడం లేదు.

లూయిస్ 1898లో ఐర్లండ్‌లోని బెల్ఫాస్ట్‌లో పుట్టాడు. ఇంట్లో జాక్ అని పిలిచేవాళ్లు. తల్లి ఫ్లోరా ఆ కాలంలోనే గణితంలో డిగ్రీ చేసిన మనిషి. ఆమె తండ్రి వాళ్ల పేటలోని చర్చికి పాదిరి. మనవడికి బాప్తిస్మం ఇచ్చింది ఆయనే. ఫ్లోరా చిన్నకొడుక్కి లాటిన్, ఫ్రెంచి ఇంట్లోనే మొదలుపెట్టించింది. 1908లో ఆమెకు క్యాన్సర్ వచ్చింది. జాక్‌కి తొమ్మిదేళ్లు. అడిగితే దేవుడు ఇస్తాడని పెద్దవాళ్లు చెప్పగా విన్నాడు కాబట్టి అమ్మ బతకాలని అడిగాడు. ఆగస్టులో ఆమె పోయింది. కొన్ని వారాల్లోనే తండ్రి పిల్లవాణ్ని సముద్రం దాటించి ఇంగ్లండులో హాస్టల్ బడికి పంపాడు. భార్య పోయిన దుఃఖంలో ఆ మనిషికి పిల్లల్ని ఎలా దగ్గరికి తీసుకోవాలో తెలియలేదు. బళ్లు మారుతుండగా 13 ఏళ్లు వచ్చేసరికి జాక్ ప్రార్థన వదిలేశాడు. అమ్మ చావు ఒక్కటే కారణమని అతను చెప్పలేదు. కానీ ఆ ఇంట్లో ఆ తర్వాత ఏదీ మునుపటిలా లేదని మాత్రం రాశాడు. 1914లో తండ్రి మాట కాదనలేక, నమ్మకం లేకుండానే చర్చిలో కన్ఫర్మేషన్ తీసుకున్నాడు. ఆ పిరికితనానికి జీవితాంతం సిగ్గుపడ్డాడు.

రెండో పిల్లవాడు టోల్కీన్. ఇంట్లో రోనాల్డ్. 1892లో దక్షిణాఫ్రికాలోని బ్లూంఫాంటెయిన్‌లో పుట్టాడు. నాలుగేళ్లప్పుడు తండ్రి జబ్బు చేసి అక్కడే పోయాడు. అప్పటికి తల్లి మేబెల్ ఇద్దరు కొడుకులతో పుట్టింటివాళ్లని చూడటానికి ఇంగ్లండు వచ్చి ఉంది. ఇక తిరిగి వెళ్లలేదు. బర్మింగ్‌హామ్ దగ్గర పల్లెలో చిన్న అద్దె ఇల్లు తీసుకుని, పిల్లలకి లాటిన్, బొమ్మలు వేయడం, చెట్ల పేర్లు, ఆకుల పేర్లు అన్నీ తనే నేర్పింది. 1900లో ఆమె రోమన్ కాథలిక్ సంఘంలో చేరింది. పుట్టింటివాళ్లు మండిపడ్డారు. సోదరి భర్త అప్పటిదాకా చేస్తున్న కాస్త డబ్బుసాయం కూడా ఆపేశాడు. మన వైపు ఆర్.సి.ఎం. వాళ్లకీ లూథరన్ వాళ్లకీ సంబంధం కలుపుకునేటప్పుడు పెద్దల ముఖాలు ఎలా ఉంటాయో చూసినవాళ్లకి దీని సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఆమె వెనక్కి తగ్గలేదు. 1904లో షుగర్ జబ్బు బయటపడింది. ఇన్సులిన్ కనిపెట్టడానికి ఇంకా 17 ఏళ్లుంది. ఆ నవంబరు 14న ఆమె చనిపోయింది. వయసు 34. రోనాల్డ్‌కి 12, తమ్ముడికి 10.

పిల్లల బాధ్యత ఫ్రాన్సిస్ మోర్గన్ అనే ఫాదర్‌కి అప్పగించి పోయింది. ఆయన వాళ్లని మేనమామ భార్య ఇంట్లో ఉంచాడు. భర్తను పోగొట్టుకున్న మనిషి ఆవిడ. ఒకరోజు రోనాల్డ్ వంటింట్లోకి వెళ్తే, వాళ్లమ్మ ఉత్తరాలు, కాగితాలు అన్నీ కాల్చేశానని చెప్పింది. కోపంతో కాదు. పిల్లాడికి అవి కావాలేమోనన్న ఆలోచనే ఆవిడకి రాలేదు. ఇది చదివి నేను పుస్తకం పక్కన పెట్టేశాను. ఆ రోజు పొయ్యి మీద పప్పు అడుగంటింది కూడా.

రోజూ పొద్దున్నే ఇద్దరు పిల్లలూ ఫాదర్ దగ్గరికి వెళ్లి మాస్‌లో సాయం చేసి, అక్కడే టిఫిన్ తిని బడికి వెళ్లేవాళ్లు. అమ్మ తన నమ్మకం కోసమే కష్టాలు పడి పోయిందని రోనాల్డ్ మనసులో ముద్ర పడిపోయింది. ఆ నమ్మకాన్ని అతను చివరిదాకా వదల్లేదు. అంటే ఇద్దరు పిల్లలూ అమ్మ చేతి మీదుగానే లాటిన్ నేర్చుకున్నారు, ఇద్దరూ చిన్నతనంలోనే ఆమెను పోగొట్టుకున్నారు. ఒకడు దేవుణ్ని వదిలేశాడు, ఒకడు గట్టిగా పట్టుకున్నాడు. ఎందుకని నన్నడిగితే నేను చెప్పలేను. నాకు ఇద్దరు పిల్లలున్నారు, ఒకే కంచంలో తినిపించాను, ఇద్దరూ ఒకేలా లేరు.

టోల్కీన్‌కి ముందు లూయిస్‌కి ఇంకో స్నేహితుడున్నాడు. పేరు ఆర్థర్ గ్రీవ్స్. బెల్ఫాస్ట్‌లో ఎదురింటి అబ్బాయి. ఎప్పుడూ ఏదో ఒక అనారోగ్యం. పెద్ద తెలివైనవాడనీ వాదించగలిగినవాడనీ ఎవరూ అనలేదు. 1916లో 17 ఏళ్ల లూయిస్ అతనికి ఉత్తరం రాస్తూ, నేను ఏ మతాన్నీ నమ్మను, అన్నీ మనుషులు కల్పించుకున్న కథలేనని తేల్చేశాడు. ఆర్థర్ దగ్గర దానికి సరిపోయే వాదన లేదు. తన నమ్మకం తను వదల్లేదు, ఉత్తరాలు రాయడమూ మానలేదు. మామూలు ఇళ్లనీ, పెరట్లో క్యాబేజీ మడినీ చూసి సంతోషించడం తనకి ఆర్థరే నేర్పాడని లూయిస్ పెద్దయ్యాక రాశాడు. ఇంట్లో కూర్చుని కూరగాయలు తరిగే నాలాంటిదానికి ఆ మాట ఎంత బాగుందో!

తర్వాత మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. టోల్కీన్ 1916లో సోమ్ యుద్ధంలో ఉన్నాడు. ట్రెంచ్ ఫీవర్ వచ్చి ఇంటికి చేరాడు గానీ, 1918 నాటికి ప్రాణస్నేహితుల్లో ఒక్కడు తప్ప అందరూ పోయారు. లూయిస్ సరిగ్గా 19వ పుట్టినరోజున కందకాల్లోకి చేరాడు. 1918 ఏప్రిల్‌లో గాయపడ్డాడు. ఈ ఇద్దరూ మాట్లాడుకున్నప్పుడు, నీకేం తెలుసు నా బాధ అనే అవకాశం ఏ ఒక్కరికీ లేదు. ప్రసంగాల్లో ఎవరూ చెప్పని సంగతి ఇదే.

ఇద్దరూ కలిసింది 1926 మే 11న, ఆక్స్‌ఫర్డ్‌లో ఇంగ్లిషు అధ్యాపకుల సమావేశంలో. టోల్కీన్ పాత ఇంగ్లిషుకు ప్రొఫెసర్. లూయిస్ మాడ్లిన్ కాలేజీలో కొత్తగా చేరిన అధ్యాపకుడు. కాథలిక్కుల్ని నమ్మొద్దని చిన్నప్పుడు బెల్ఫాస్ట్‌లో, భాషాశాస్త్రం వాళ్లని నమ్మొద్దని ఉద్యోగంలో చేరాక ఇక్కడ, తనకి నూరిపోశారని లూయిస్ నవ్వుతూ రాసుకున్నాడు. టోల్కీన్ రెండూనూ.

వాళ్లని దగ్గర చేసింది మతం కాదు, సాహిత్యం. ఐస్‌లాండ్ పాత గాథల్ని మూలభాషలో చదువుకోవడానికి టోల్కీన్ ఒక చిన్న బృందం పెట్టాడు. దాని పేరుకి అర్థం నిప్పులు కొరికేవాళ్లు అని. చలికాలంలో పొయ్యికి అంత దగ్గరగా చేరి కూర్చునేవాళ్లన్నమాట. ఒక్కొక్కరూ కొంత చదివి, అప్పటికప్పుడు అర్థం చెప్పాలి. తప్పులు పోతే నవ్వుకోవాలి. మా తెలుగు మేడం పోతన పద్యాలు మాతో వంతులవారీగా చదివించిన క్లాసు గుర్తొచ్చింది నాకు. 1929 చివర్లో టోల్కీన్ ఏళ్ల తరబడి రహస్యంగా రాసుకుంటున్న పెద్ద కావ్యాన్ని లూయిస్ చేతిలో పెట్టాడు. లూయిస్ రాత్రి పొద్దుపోయేదాకా చదివి, ఇంత ఆనందం ఈ మధ్య కలగలేదని జాబు రాశాడు. నమ్మేవాడు నమ్మనివాడి దగ్గర తన గుండెకాయ లాంటి వస్తువు పెట్టి, బాగుందా అని అడిగాడు. నేను మాత్రం మా స్నేహితురాల్ని ఏదైనా అడిగానా? అన్నీ చెప్పడమే.

ఆ ఏడాదే లూయిస్, దేవుడు ఉన్నాడని ఒప్పుకోక తప్పదనే చోటికి వచ్చాడు. ఇష్టంగా కాదు. తన గదిలో మోకరించిన ఆ రాత్రి ఇంగ్లండు మొత్తంలో తనంత విచారంగా, అయిష్టంగా మారినవాడు ఉండడని రాసుకున్నాడు. క్రీస్తు సంగతి ఇంకా ఒప్పుకోలేదు. 2,000 ఏళ్ల కిందట ఎక్కడో చనిపోయిన ఒక మనిషి ఇప్పుడు నాకు ఎలా సాయపడతాడనేది అతని ప్రశ్న.

1931 సెప్టెంబరు 19, శనివారం. లూయిస్ ఇద్దరిని కాలేజీకి భోజనానికి పిలిచాడు. ఒకరు టోల్కీన్, ఇంకొకరు హ్యూగో డైసన్. ఆయనా యుద్ధంలో గాయపడి బతికినవాడే. భోజనం అయ్యాక కాలేజీ పక్కన నదీపాయ వెంట ఉన్న అడిసన్స్ వాక్ అనే చెట్ల దారిలో నడిచారు. మాట పురాణగాథల మీదికి మళ్లింది. చనిపోయి తిరిగొచ్చే దేవతల కథలు లూయిస్‌కి చిన్నప్పటి నుంచీ ప్రాణం. ఆ కథలు చదివేటప్పుడు ఎందుకు, ఎలా అని అడగకుండానే నీ మనసు కదులుతుంది కదా, క్రీస్తు కథని మాత్రం ఎందుకు అలా దగ్గరికి రానివ్వవు అని వీళ్లడిగారు. ఇదీ అలాంటి కథే, కాకపోతే నిజంగా జరిగిన కథ అన్నారు. అంతలో గాలి లేని ఆ రాత్రిలో ఉన్నట్టుండి ఒక్క విసురు వచ్చి ఆకులు జలజల రాలాయి. వానేమో అనుకుని ముగ్గురూ ఊపిరి బిగబట్టి నిలబడిపోయారు. టోల్కీన్ ఇంటికి బయల్దేరేసరికి 3 గంటలైంది. ఇంట్లో భార్య, నలుగురు పిల్లలు, చిన్నదానికి రెండేళ్లు. మొగుడు అర్ధరాత్రి దాటినా దేవుడి గురించి మాట్లాడుతూ తిరుగుతుంటే ఇంట్లో పసిపిల్లని నిద్రపుచ్చే ఆవిడ పేరు ఏ ప్రసంగంలోనూ రాదు. ఆమె పేరు ఈడిత్.

తొమ్మిది రోజుల తర్వాత, 28న, అన్న వార్నీ మోటార్‌సైకిలు పక్కబండిలో కూర్చుని లూయిస్ విప్‌స్నేడ్ జంతుప్రదర్శనశాల చూడటానికి వెళ్లాడు. బయల్దేరినప్పుడు యేసు దేవుని కుమారుడని నమ్మలేదట, చేరేసరికి నమ్మాడట. దారిలో పెద్దగా ఆలోచించిందీ లేదట. వార్నీ కూడా ఏళ్ల తరబడి దూరంగా ఉండి, ఆ సంవత్సరమే అంతకు కొన్ని నెలల ముందు మళ్లీ ప్రార్థన మొదలుపెట్టాడు. తమ్ముడికి చెప్పి, నువ్వూ రా అనలేదు. మిలిటరీ ఉద్యోగంలో షాంఘైకి వెళ్లిపోయాడు. ఆ క్రిస్మస్ రోజున తమ్ముడు ఆక్స్‌ఫర్డ్ పక్కన హెడింగ్టన్‌లో, అన్న షాంఘైలో, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా చాలా ఏళ్ల తర్వాత మొదటిసారి ప్రభురాత్రి భోజనం తీసుకున్నారు.

1926 మే నుంచి 1931 సెప్టెంబరు దాకా లెక్కేస్తే అయిదేళ్ల నాలుగు నెలలు. ఆర్థర్ ఉత్తరాల నుంచి లెక్కేస్తే ఇంకా ఎక్కువ. ఒక్క రాత్రి అనేవాళ్లు ఈ ఏళ్లన్నీ ఎక్కడ దాచిపెట్టారో!

అంతా సుఖాంతం అనుకోకండి. లూయిస్ తిరిగొచ్చాడు గానీ టోల్కీన్ ఇంటికి రాలేదు. కాథలిక్ సంఘంలో కాకుండా, తను పుట్టి పెరిగిన ఆంగ్లికన్ సంఘంలోనే చేరాడు. అమ్మ ఏ నమ్మకం కోసం అయినవాళ్లని పోగొట్టుకుందో ఆ గడప స్నేహితుడు తొక్కకపోవడం టోల్కీన్‌కి కష్టంగానే ఉండేది. నార్నియా కథలు ఆయనకి నచ్చలేదు. చివరి ఏళ్లలో రాకపోకలు తగ్గాయి. అయినా, లూయిస్ వెంటపడి ప్రోత్సహించకపోతే 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' ఎప్పటికీ పూర్తయ్యేది కాదని టోల్కీనే చెప్పాడు. ఆ అప్పు అలా తీరింది. ఆర్థర్‌దీ అంతే. లూయిస్ తన నమ్మకం సంగతి 1931 అక్టోబరు 1న మొదట రాసింది ఆర్థర్‌కే. తర్వాతి కాలంలో ఆర్థర్ నమ్మకం వేరే దారులు పట్టి, చివరికి క్వేకర్ల దగ్గర ఆగింది. ఈసారి లూయిస్ అతన్ని వదల్లేదు. 1963లో చనిపోయే ఏడాది దాకా రాస్తూనే ఉన్నాడు. దాదాపు 300 ఉత్తరాలు.

నాకు అన్నిటికంటే దగ్గరగా అనిపించింది లూయిస్ చివరి పుస్తకాల్లో ఒకటి. 1940లో, బాధ ఎందుకుంటుందో వివరిస్తూ అతను ఒక పుస్తకం రాశాడు. గట్టి తర్కం. 1960 జూలైలో భార్య జాయ్ క్యాన్సర్‌తో పోయింది. అమ్మ పోయిన జబ్బే. అప్పుడు నోటుపుస్తకాల్లో తన దుఃఖం రాసుకున్నాడు. దేవుడి మీద కోపం, అనుమానం, ఏదీ దాచలేదు. 1961లో అది 'ఎ గ్రీఫ్ అబ్జర్వ్‌డ్' అనే పుస్తకంగా వేరే పేరుతో వచ్చింది. ఎవరు రాశారో తెలియక కొందరు స్నేహితులు, ఇది చదివితే నీకు ఓదార్పుగా ఉంటుందని ఆయనకే సిఫారసు చేశారట. 20 ఏళ్ల కిందట రాసిన తర్కం పుస్తకాన్ని ఎవరైనా ఆయనకి వాట్సాప్‌లో పంపి ఉంటే ఏమనేవాడో నేను ఊహించగలను.

జూలైలో ఒక గురువారం గోంగూర కట్టలు రెండు కొని, ఫోన్ చేయకుండా మా స్నేహితురాలి ఇంటికి వెళ్లాను. ఏడాది దాటింది ఆ గుమ్మం ఎక్కి. ఎందుకొచ్చావని అడగలేదు. చాప వేసి కూర్చుని ఇద్దరం ఆకు ఒలిచాం. మాటల మధ్య టోల్కీన్ వాళ్లమ్మ ఉత్తరాలు కాల్చేసిన సంగతి చెప్పాను. "పిల్లాడికి ఎన్నేళ్లే అప్పటికి?" అంది. 12 అన్నాను. "మా అమ్మాయికి 11" అని ఆగిపోయింది. కాసేపటికి లేచి అల్మారాలోంచి వాళ్లాయన పాత ఫోన్ తెచ్చి చూపించింది. హాస్పిటల్ నుంచి కూతురికి పంపిన వాయిస్ మెసేజ్‌లు అందులో ఉన్నాయి. ఛార్జింగ్ పెట్టి ఉంచుతోంది. నేను ప్రార్థన చేద్దామా అనలేదు. ఆ 12 రాత్రులూ ప్రార్థన చేసినదాన్ని నేనూ, నాకూ జవాబు రాలేదని, ఇంకా అర్థం కాలేదని మాత్రం చెప్పాను. ఈ మాట నాలుగేళ్లలో మొదటిసారి చెప్పాను. "నువ్వూనా?" అంది.

అప్పటి నుంచి గురువారాలు వెళ్తున్నాను. తన బి.ఎ. పుస్తకాలు అటక మీద నుంచి దించింది. జాషువా గారి 'ఫిరదౌసి' మొదలుపెట్టాం. ఒక పద్యం తను, ఒకటి నేను. యతి దగ్గర నేను తడబడితే ఇప్పటికీ తనే దిద్దుతుంది. అది అయిపోయాక 'క్రీస్తు చరిత్ర' చదువుదామని తనే అంది. ఆ కావ్యానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది, మన వినుకొండ కవి రాసింది, చదవకపోతే ఎలా అంది. "పద్యం కోసమేనే, నువ్వేం ఆశలు పెట్టుకోకు" అని కూడా అంది. సరే అన్నాను. పోయిన వారం సగంలో కరెంటు పోయింది. పుస్తకం తీసుకెళ్లనా అంటే, ఇక్కడే ఉండనీ, పేజీలో గుర్తు పెట్టు అంది. చేతికందిన కరెంటు బిల్లు మడిచి పెట్టి వచ్చాను.